దుమ్ము దగ్గే కదా అని ఊరుకోకండి

గనుల దగ్గర నివసించే కుటుంబాలకు ఒక ఆరోగ్య పాఠం



మా ఓపీలో చీటీ రాసేటప్పుడు ‘ఎన్నాళ్ళ నుండి దగ్గు?’ అని అడుగుతాం. గనుల వైపు ఊళ్ళ నుండి వచ్చేవారిలో చాలామంది చెప్పే జవాబు ఒకటే. ‘దుమ్ము దగ్గే సిస్టరమ్మా, మా దగ్గర అందరికీ ఉన్నదే.’ ఆ మాట నిజమే. అక్కడ దుమ్ము ఉంది, దగ్గు ఉంది. కాని ‘దుమ్ము దగ్గు’ అనేది ఒక జబ్బు పేరు కాదు. ఆ పేరు చాటున ఉబ్బసం ఉండవచ్చు, క్షయ ఉండవచ్చు, ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు ఉండవచ్చు. ఒక్కో జబ్బుకు వైద్యం వేరు. ఏదో తెలుసుకోకుండా నెలల తరబడి దగ్గు మందు తాగుతూ కూర్చుంటే నష్టపోయేది మనమే. గని దుమ్ము ఎక్కడి నుండి వస్తుంది, ఒంట్లో ఏమి చేస్తుంది, మన చేతిలో ఉన్న జాగ్రత్తలు ఏమిటి అన్నవి ఈ పాఠంలో వరుసగా చూద్దాం. ఇంట్లో చదువు రాని పెద్దలుంటే దయచేసి చదివి వినిపించండి.

దుమ్ము ఎక్కడి నుండి లేస్తుంది?

సింగరేణి ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. చాలా కాలం వరకు అవి భూగర్భ గనులు. మనవాళ్ళు ‘బొగ్గు బాయి’ అనేది వాటినే. అక్కడి దుమ్ము ఎక్కువగా లోపల పనిచేసేవారి ఊపిరితిత్తులలోకి పోయేది. ఇప్పుడు బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్ గనుల నుండి వస్తోంది. గోదావరిఖని, మణుగూరు, సత్తుపల్లి, భూపాలపల్లి వైపు వెళ్ళినవారు వాటిని చూసే ఉంటారు. పైనున్న మట్టిని, రాతిని మొత్తం తీసివేసి బొగ్గు తవ్వుతారు. ఈ గనికి కప్పు ఉండదు. అందుచేత దుమ్ము కార్మికుడి దగ్గరే ఆగదు, గాలి ఎటు వీస్తే అటు ఉన్న ఇళ్ళ మీదికి వస్తుంది. ఎన్నడూ గనిలో అడుగు పెట్టని తల్లులు, పిల్లలు, ముసలివారు కూడా అదే గాలి పీలుస్తారు.

దుమ్ము ముఖ్యంగా ఈ చోట్ల లేస్తుంది.

1. రాతిలో రంధ్రాలు వేసేటప్పుడు, బ్లాస్టింగ్ జరిగినప్పుడు.

2. డంపర్లు తిరిగే మట్టి రోడ్ల మీద. ఓపెన్‌కాస్ట్ గనిలో అన్నిటికన్నా ఎక్కువ దుమ్ము సాధారణంగా ఈ రోడ్ల నుండే లేస్తుంది. పెద్ద చక్రాల కింద రాయి మళ్ళీ మళ్ళీ నలిగి పిండి అవుతుంది, వెనుక వచ్చే బండి దానిని లేపుతుంది.

3. ఓబీ కుప్పల మీద. టన్ను బొగ్గు తీయడానికి దానికి కొన్ని రెట్లు మట్టి, రాయి తీసి కుప్ప పోయాలి. చెట్టూ చేమా లేని కుప్ప మీద ఎండాకాలపు గాలి వీచినప్పుడు ఊరంతా మసకబారుతుంది.

4. బొగ్గును పగులగొట్టి వ్యాగన్లలో నింపే చోట, నిలవ చేసిన బొగ్గు కుప్పల దగ్గర. నిలవ బొగ్గు ఒక్కోసారి తనంతట తానే అంటుకుని రోజుల తరబడి పొగ వదులుతుంది.

5. టార్పాలిన్ సరిగా కప్పకుండా పోయే లారీల నుండి. రోడ్డు మీద రాలిన బొగ్గును వెనుక వచ్చే బండ్లు నలిపి లేపుతాయి.

చలికాలం తెల్లవారుజామున దుమ్ము ఎక్కువైనట్టు అనిపించడం మన భ్రమ కాదు. ఆ వేళ నేలకు దగ్గరగా గాలి చల్లగా, కదలకుండా ఉంటుంది. దుమ్ము, పొగ పైకి పోలేక మనం పీల్చే ఎత్తులోనే నిలుస్తాయి. ఎండ ఎక్కిన తరువాత కొంత తేలికపడుతుంది.

కంటికి కనబడేది, కనబడనిది

గిన్నెల మీద, మంచం మీద, ఆరేసిన బట్టల మీద చేరే దుమ్మును చూసి మనం భయపడతాం. నిజానికి అందులో చాలా భాగం పెద్ద రేణువులు. అవి బరువు వల్ల తొందరగా కిందికి దిగుతాయి. పీల్చినా ముక్కులోని వెంట్రుకలు, చీమిడి వాటిని పట్టేస్తాయి. ముక్కు చీదినప్పుడు నల్లగా రావడం అందువల్లనే.

ఎక్కువ హాని చేసేది మన కంటికి కనబడదు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, 10 మైక్రాన్ల లోపు రేణువు దానిలో ఏడో వంతు. దీనిని ‘పీఎం 10’ అంటారు. ఇది ముక్కు దాటి శ్వాసనాళాల్లోకి వెళ్ళగలదు. 2.5 మైక్రాన్ల లోపు రేణువులను ‘పీఎం 2.5’ అంటారు. ఇవి ఊపిరితిత్తుల చివర ద్రాక్ష గుత్తుల వలె ఉండే గాలి గదుల దాకా పోతాయి. అక్కడే రక్తం ప్రాణవాయువును తీసుకునేది. పెద్ద రేణువు కొన్ని క్షణాల్లో నేలకు దిగితే, ఇంత సన్న రేణువు గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటుంది. అందుకే ‘దుమ్ము దిగిపోయింది’ అని మనం అనుకున్న తరువాత కూడా గాలి శుభ్రంగా ఉందని చెప్పలేము.

మన శరీరానికి దేవుడిచ్చిన చీపురు ఒకటి ఉంది. శ్వాసనాళాల లోపలి గోడల మీద సన్నటి నూగు వంటివి ఉంటాయి. అవి అలల వలె కదులుతూ దుమ్ము పట్టిన తెమడను పైకి నెడతాయి, మనం దగ్గి బయటికి పంపుతాం. బీడీ, సిగరెట్టు పొగ ఈ చీపురును పాడు చేస్తుంది. గని దుమ్ములో పనిచేసి, దాని మీద బీడీ కూడా కాల్చే అన్నకు ఇబ్బంది రెండింతలయ్యేది ఇందువల్లనే. గాలి గదుల దాకా చేరిన సన్న దుమ్మును మాత్రం ఆ నూగు కూడా పూర్తిగా ఊడ్చలేదు.

బొగ్గు పొడి ఒక్కటే కాదు

‘మాది బొగ్గు గని, రాతి క్వారీ కాదు కదా’ అని కొందరంటారు. గోదావరి లోయలో బొగ్గు పొరల పైన, మధ్య ఉన్నది ఎక్కువగా ఇసుకరాయి. ఇసుకరాయిలో సిలికా ఉంటుంది. ఆ రాతిని డ్రిల్ చేసినా, పేల్చినా, డంపర్ల కింద నలిపినా సిలికా దుమ్ము లేస్తుంది. కాబట్టి ఓబీ పనిలో ఉన్న డ్రిల్లర్లు, డంపరు, షావెల్ నడిపేవారు బొగ్గు ముట్టకపోయినా సిలికా పీల్చే అవకాశం ఉంది. క్యాబిన్ తలుపులు తీసి నడిపేవారికి ఇంకా ఎక్కువ.

సిలికా రేణువు గాలి గదికి చేరగానే శరీరంలోని కాపలా కణం వచ్చి దానిని మింగుతుంది. కాని అరిగించుకోలేదు. ఆ కణమే చచ్చిపోతుంది, రేణువు బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది. ఇలా జరిగిన ప్రతి చోట చిన్న మచ్చ, అంటే గట్టి కణుపు మిగులుతుంది. కణుపులు పెరిగిన కొద్దీ స్పాంజిలా మెత్తగా ఉండవలసిన ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. దీనినే సిలికోసిస్ అంటారు. బొగ్గు దుమ్ము వల్ల వచ్చేదానిని బొగ్గు గని కార్మికుల న్యూమోకోనియోసిస్ అంటారు. రెండూ సాధారణంగా పది, పదిహేనేళ్ళ తరువాత బయటపడతాయి. దుమ్ము మరీ ఎక్కువైతే సిలికోసిస్ ఇంకా ముందే రావచ్చు. పని మానేసిన తరువాత కూడా పెరగవచ్చు. గట్టిపడిన ఊపిరితిత్తిని మళ్ళీ మెత్తగా చేసే మందు లేదు. అందుకే నివారణ ఒక్కటే అసలైన వైద్యం అని చెబుతున్నాం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మన తెలుగువారు కూడా ఎందరో వెళ్ళి పనిచేసిన కోలారు బంగారు గనులలో సిలికోసిస్ ఉందని 1940లలోనే వైద్యులు నమోదు చేశారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. అయినా అక్కడ మిగిలిపోయిన పిండి వంటి మట్టి గుట్టల నుండి గాలికి దుమ్ము లేచి ఊరి మీద పడుతూనే ఉంది. గని ఆగినా కుప్ప మిగిలే ఉంటుంది. కాబట్టి గని నడుస్తున్నప్పుడే కుప్పల మీద గడ్డి, చెట్లు పెంచాలి.

ఊళ్ళో ఉండేవారికి ఏమి వస్తుంది?

గనిలో పనిచేయని కుటుంబీకులకు సిలికోసిస్ వచ్చే ప్రమాదం కార్మికులతో పోల్చితే చాలా తక్కువ. ఆ భయం పెట్టుకోనక్కరలేదు. కాని వారికి వేరే ఇబ్బందులున్నాయి.

కళ్ళు మండడం, ముక్కు దిబ్బడ, గొంతు గరగర సామాన్యంగా చూస్తాం. ఉబ్బసం ఉన్నవారికి దుమ్ము రేగిన రోజున ఆయాసం ఎక్కువవుతుంది. నలభై దాటినవారిలో, ముఖ్యంగా బీడీ తాగేవారిలో, ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి దగ్గర వండిన తల్లులలో, శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే సీఓపీడీ అనే జబ్బు ఉంటుంది. దానిని దుమ్ము రెచ్చగొడుతుంది. చంటిపిల్లలకు నెమ్ము తరచుగా వస్తుంది. సన్న దుమ్ము గుండె జబ్బులు, పక్షవాతం వచ్చే అవకాశాన్ని కూడా పెంచుతుందని ఇప్పుడు స్పష్టంగా తెలుసు. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దలు దుమ్ము రోజుల్లో బయట తిరగడం తగ్గించాలి.

అసలు చిక్కు ఎక్కడుంది?

మా వార్డులో చూసినవి రెండు చెబుతాం. పేర్లు, ఊళ్ళు చెప్పడం లేదు.

ముప్పై ఎనిమిదేళ్ళ డంపరు డ్రైవరు ఒకరు. నాలుగు నెలలుగా దగ్గు. మందుల దుకాణంలో అడిగి సిరప్ తెచ్చుకుని తాగుతున్నాడు. ఎందుకు రాలేదయ్యా అంటే, ‘ఎక్స్‌రేలో ఏదైనా వస్తే కాంట్రాక్టరు పనిలోకి రానీయడు, ముగ్గురు పిల్లలు సిస్టర్’ అన్నాడు. అతడి ఊపిరితిత్తులలో దుమ్ము కణుపులూ ఉన్నాయి, క్షయ కూడా ఉంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం మిగతావారికన్నా కొన్ని రెట్లు ఎక్కువ. నాలుగు నెలలు ఆ దగ్గు ఇంట్లోనే దగ్గాడు. ఐదేళ్ళు నిండని చిన్న పాపను కూడా పరీక్షించి, క్షయ రాకుండా మందు మొదలుపెట్టవలసి వచ్చింది. మొదటి నెలలోనే కళ్ళె పరీక్ష చేయించుకుని ఉంటే పాపకు అంత ముప్పు ఉండేది కాదు.

రెండవది బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన టీ కొట్టు నడిపే ఒక తల్లి. ఆమె గనిలో ఎన్నడూ పనిచేయలేదు. ఆరేళ్ళుగా ఆయాసం. ‘దుమ్ము వల్లనే, కొట్టు తీసేస్తే పోతుంది’ అనుకుంటూ బతికింది. ఊదే పరీక్ష చేస్తే ఉబ్బసం అని తేలింది. ఇన్‌హేలరు మొదలుపెట్టాక రాత్రిళ్ళు పడుకోగలుగుతోంది. కొట్టు తీసేయలేదు. తీసేస్తే తినేదేమిటి? దుమ్ము అలాగే ఉంది. అయినా జబ్బు పేరు తెలిసింది కాబట్టి వైద్యం దొరికింది.

ఇద్దరి విషయంలోనూ దుమ్ము ఉన్న మాట నిజమే. ఆ నిజమే వారిని పరీక్షకు రానీయకుండా ఆపింది. ఊళ్ళో అందరూ దగ్గుతుంటే ఒకరి దగ్గు వింతగా కనబడదు. కాబట్టి గనుల దగ్గర ఉండేవారు మిగతావారికన్నా తొందరగా పరీక్షకు రావాలి.

ఎప్పుడు రావాలి?

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే ఆలస్యం చేయకండి. మునుపు ఎక్కగలిగిన మెట్లు ఇప్పుడు ఆగి ఆగి ఎక్కవలసి వస్తోందంటే అదీ లక్షణమే. ‘వయసు’ అని సరిపెట్టుకోకండి.

తెమడలో రక్తం పడినా, పెదవులు నీలంగా మారినా, మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా వెంటనే తీసుకురండి. చంటిపిల్లల విషయంలో నిద్రపోతున్నప్పుడు పొట్ట కదలికను చూసి ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల నుండి ఏడాది లోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఆ పైన ఐదేళ్ళ లోపు బిడ్డ 40 సార్లు, లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తుంటే నెమ్ము అయి ఉండవచ్చు. రొమ్ము కింద డొక్క లోపలికి గుంజుకుంటుంటే ఒక్క గంట కూడా ఆగవద్దు.

బ్లాస్టింగ్ తరువాత ఒక్కోసారి పసుపుగా, ఎర్రగా పొగ లేస్తుంది. అది ఉత్త దుమ్ము కాదు, నైట్రోజన్ వాయువులు కలిసిన పొగ. దాని దారిలో నిలబడకండి. పీల్చినవారికి అప్పుడు బాగానే ఉన్నా కొన్ని గంటల తరువాత ఆయాసం రావచ్చు. అందుకని అదే రోజు వైద్యునికి చూపించాలి.

ఆస్పత్రికి వచ్చినప్పుడు ఎక్కడ, ఏ పని, ఎన్నేళ్ళు చేశారో తప్పక చెప్పండి. ఇప్పుడు వాచ్‌మన్ పని చేస్తున్నా, ఇరవై ఏళ్ళ కిందట డ్రిల్ మీద పనిచేసి ఉంటే ఆ మాట డాక్టరుగారికి చాలా అవసరం. ఎక్స్‌రే తీస్తారు, ఊదే పరీక్ష చేస్తారు, కళ్ళె పరీక్షకు పంపుతారు. క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. చికిత్సలో ఉన్నవారికి పోషకాహారానికి 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేశారు. పాత ఎక్స్‌రేలు పారేయకండి. కొత్తదాని పక్కన పెట్టి చూస్తేనే జబ్బు పెరిగిందా లేదా అన్నది తెలుస్తుంది.

మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

బెల్లం, అరటిపండు తింటే దుమ్ము కడుపులోకి దిగిపోతుందా?

గని పనివారిలో ఈ నమ్మకం చాలా ఉంది. బెల్లం తింటే గొంతు గరగర తగ్గినట్టు అనిపించవచ్చు. తినే దారి వేరు, గాలి దారి వేరు. బెల్లం కడుపులోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తులలో ఉంటుంది. రెండూ కలిసే చోటు లేదు. తినాలనుకుంటే తినండి, కాని మాస్కు బదులు బెల్లం పనికిరాదు. షుగరు జబ్బు ఉన్నవారు ఆ పేరున తినకండి.

షిఫ్టు దిగాక కొంచెం మందు తాగితే దుమ్ము కడిగేస్తుందంటారు?

కడగదు. సారా అయినా, బ్రాందీ అయినా అంతే. మద్యం వల్ల శరీరానికి రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గి క్షయ వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఇన్‌హేలరు ఒకసారి అలవాటైతే జన్మంతా వదలదా?

ఇన్‌హేలరు మత్తు పదార్థం కాదు. మాత్రలో కన్నా చాలా తక్కువ మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. బీపీ మాత్ర వలె, జబ్బు ఉన్నంత కాలం వాడాలి. తగ్గిందని సొంతంగా మానకండి. వాడే పద్ధతి సరిగా ఉందో లేదో వచ్చినప్పుడల్లా మా సిస్టర్లకు చూపించండి. వాడిన తరువాత నోరు పుక్కిలించాలి.

ఆవిరి పడితే దుమ్ము పోతుందా?

ముక్కు దిబ్బడకు హాయిగా ఉంటుంది, అంతకు మించి చేయదు. పిల్లలకు మరిగే నీళ్ళ గిన్నె దగ్గర ఆవిరి పట్టకండి. కాలి వచ్చిన పిల్లలను చూస్తున్నాం.

ఇంట్లో చేయగలిగినవి

1. పొడి చీపురుతో ఊడ్చితే దిగిన దుమ్ము మళ్ళీ లేస్తుంది. నీళ్ళు చిలకరించి ఊడ్చండి, తడిగుడ్డతో తుడవండి. కిటికీ అంచులు, ఫ్యాను రెక్కలు, మంచం కింద మరచిపోవద్దు. వాకిట్లో కళ్ళాపి చల్లే మన పాత అలవాటు ఇక్కడ ఎంతో మంచిది.

2. బ్లాస్టింగ్ సైరన్ మోగగానే, గాలి దుమారం లేచినప్పుడు రోడ్డు వైపు, గని వైపు కిటికీలు మూయండి. గాలి తేటపడ్డాక తెరవండి. రోజంతా మూసి ఉంచితే లోపలి పొగ, తేమ పోవు.

3. నీళ్ళ బిందెలు, డాబా మీద ట్యాంకు మూతలు పెట్టి ఉంచండి. ఆకుకూరలు రెండు మూడు నీళ్ళలో కడగండి. వడియాలు, మిరపకాయలు గాలి తక్కువగా ఉన్న రోజున, పల్చటి గుడ్డ కప్పి ఎండబెట్టండి.

4. బయటి దుమ్ముకు ఇంటి పొగ తోడు చేయకండి. గ్యాసు పొయ్యి ఉంటే నీళ్ళు కాచుకోవడానికి కూడా అదే వాడండి. కట్టెల పొయ్యి తప్పకపోతే వాకిట్లో పెట్టండి. దోమల చుట్టకు బదులు దోమతెర మంచిది. ఇంట్లో బీడీ, సిగరెట్టు వద్దు. చెత్త, ప్లాస్టిక్ తగులబెట్టవద్దు.

5. పని బట్టలు, బూట్లు ఇంటి బయటే విప్పండి. దులపకండి, తడిపి, మిగతా బట్టలతో కలపకుండా ఉతకండి. స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోండి.

మాస్కు గురించి

చేతి రుమాలు, తువ్వాలు, గుడ్డ మాస్కు పెద్ద దుమ్మును ఆపుతాయి. సన్న దుమ్మును చాలావరకు ఆపలేవు. ఎన్95 రకం మాస్కు ముఖానికి సరిగా అతుక్కుంటే సన్న రేణువులను కూడా ఎక్కువ భాగం ఆపుతుంది. రెండు పట్టీలూ తలకు పెట్టుకోవాలి, ముక్కు మీది తీగ నొక్కాలి. ఊపిరి వదిలితే పక్కల నుండి గాలి వస్తోందంటే సరిగా అమరలేదన్న మాట. గుబురు గడ్డం ఉన్నా అమరదు. ఉతికితే పాడవుతుంది. తడిసినా, పీల్చడం కష్టమైనా మార్చాలి. చిన్నపిల్లలకు ఇది సరిపోదు. ఆయాసం ఉన్నవారు డాక్టరును అడిగి వాడాలి.

గనిలో పనిచేసే అన్నలకు, తమ్ముళ్ళకు

మాస్కు చివరి రక్షణ మాత్రమే. దుమ్ము లేవకుండా చేయడమే మొదటి రక్షణ. నీటితో డ్రిల్ చేయడం, రోడ్లకు నీళ్ళు కొట్టడం, క్యాబిన్ తలుపులు మూసి ఏసీ ఫిల్టరు శుభ్రంగా ఉంచడం వంటివి మేలు చేస్తాయి. నీళ్ళ ట్యాంకరు రాలేదని, ఫిల్టరు మూసుకుపోయిందని సూపర్‌వైజరుకు చెప్పడానికి మొహమాటపడవద్దు.

పనిలో చేరేటప్పుడు, ఆ తరువాత నియమిత కాలానికి వైద్య పరీక్ష చేయించడం యాజమాన్యం బాధ్యత. కాంట్రాక్టు కార్మికులకూ ఇది వర్తిస్తుంది. ఆ పరీక్షను తప్పించుకోకండి. మీ రిపోర్టు నకలు అడిగి ఇంట్లో దాచుకోండి. వృత్తి వల్ల వచ్చిన జబ్బుకు నష్టపరిహారం అడగవలసి వస్తే ఏ గనిలో, ఏ పనిలో, ఎన్నాళ్ళు చేశారో చూపే కాగితాలే ఆధారం. గేటు పాసులు, జీతం చీటీలు కూడా దాచండి. పని పోతుందన్న మీ భయం మాకు తెలుసు. ఆ భయం చిన్నది కాదు. కాని మొదట్లో పట్టుకున్న జబ్బుతో దుమ్ము తక్కువ ఉన్న పనికి మారి చాలా ఏళ్ళు బతకవచ్చు. ముదిరాక వస్తే ఏ పనీ చేయలేని పరిస్థితి వస్తుంది.

ఊరంతా కలిసి చేయవలసినది

తల్లి ఎంత తడిగుడ్డతో తుడిచినా రోడ్డు మీద దుమ్ము లేస్తూనే ఉంటే ఆమె కష్టం తీరదు. గాలికి కూడా ప్రభుత్వం హద్దులు పెట్టింది. 2009లో మన దేశం నిర్ణయించిన ప్రకారం ఒక ఘనమీటరు గాలిలో పీఎం 10 రోజు సగటున 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటున 60 మించకూడదు. పీఎం 2.5 అయితే రోజుకు 60, ఏడాదికి 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇంకా కఠినంగా చెప్పింది. పీఎం 10 రోజుకు 45, ఏడాదికి 15. పీఎం 2.5 రోజుకు 15, ఏడాదికి 5.

మీ ఊరి గాలి లెక్కలు గని అధికారులను, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయాన్ని అడగవచ్చు. పెద్ద గని కొత్తగా వచ్చేటప్పుడు 2006 నాటి నిబంధనల ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ రోజున మగవారు మాత్రమే కాక, ఇల్లు ఊడ్చే తల్లులు, ఆయాసం ఉన్న పెద్దలు కూడా వెళ్ళి తమ మాట రాయించాలి.

దరఖాస్తు ఇచ్చేటప్పుడు ‘చాలా దుమ్ము వస్తోంది’ అని మాత్రం రాస్తే పని జరగదు. ఏ తేదీ, ఏ వేళ, ఏ రోడ్డు, నీళ్ళు ఎన్ని రోజులుగా కొట్టలేదు, టార్పాలిన్ లేని లారీలు గంటలో ఎన్ని పోయాయి, దగ్గరలో బడి ఉందా, ఎన్ని ఇళ్ళు ఉన్నాయి అన్నవి రాయండి. ఫోటో పెట్టండి. గని మేనేజరుకు ఒకటి, పంచాయతీకి లేదా మునిసిపాలిటీకి ఒకటి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి ఇచ్చి, మీ దగ్గరి నకలు మీద ముద్ర వేయించుకోండి. గొడవ పడనవసరం లేదు. లెక్కలతో, ఓర్పుతో, పది ఇళ్ళ సంతకాలతో అడిగితే వినక తప్పదు.

ముఖ్యాంశాలు

దుమ్ము దగ్గు అనేది జబ్బు పేరు కాదు. రెండు వారాలు దాటిన ప్రతి దగ్గుకూ పరీక్ష కావాలి.

కనబడని సన్న దుమ్మే లోపలి దాకా పోతుంది.

సిలికోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు, కాని అది రాకుండా ఆపవచ్చు. క్షయ నయమవుతుంది. ఉబ్బసాన్ని అదుపులో పెట్టుకోవచ్చు.

బెల్లం మాస్కు కాదు. రుమాలు ఎన్95 కాదు.

తడిపి ఊడ్చండి, పని బట్టలు బయట విప్పండి, బీడీ మానండి.

కుటుంబమంతా కూర్చుని జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నలు

1. మన ఇంట్లో రెండు వారాలకు మించి దగ్గుతున్నవారు ఎవరైనా ఉన్నారా? ఏ రోజున పరీక్షకు తీసుకువెళ్దాం?

2. ఇంతకు ముందు గనిలో, క్వారీలో, క్రషరు దగ్గర పనిచేసినవారు ఎవరు? ఎన్నేళ్ళు? ఒక కాగితం మీద రాసి ఎక్స్‌రేల కవరులో పెట్టామా?

3. మన ఇంట్లో దుమ్ము ఎటు వైపు నుండి వస్తుంది? ఆ వైపు కిటికీ ఏ వేళ మూయాలి?

4. మన వీధిలో ఒంటరిగా ఉండి, దగ్గుతూ, ఎవరికీ చెప్పలేని పెద్దవారు ఎవరు? వారిని ఆస్పత్రికి ఎవరు తోడుకుని వస్తారు?